పాత గిటారు – కాలనిర్ణయం

పాఠ్యాంశ నేపథ్యం

ఒక విషయాన్ని శాస్త్రీయ దృష్టితో పరిశీలించి, ఆధారాలను తూచి, నిర్ణయానికి వచ్చే తీరును చూపే రచనను విమర్శనాత్మక వ్యాసం అంటాము. కవుల కాలాన్ని, కావ్యాల కాలాన్ని నిర్ణయించడంలో మన పండితులు అనుసరించిన పద్ధతి ఒక సంగీత వాద్యానికి ఎలా వర్తిస్తుందో ఈ పాఠ్యాంశం వివరిస్తుంది. పరిశీలనకు తీసుకున్న వాద్యం గిటారు. అది తయారైన దేశం అమెరికా.

పాఠ్యాంశం

2015వ సంవత్సరం చివర విడుదలైన ‘ది హేట్‌ఫుల్ ఎయిట్’ అనే అమెరికన్ చలనచిత్రంలో ఒక సన్నివేశం ఉన్నది. మంచు తుఫానులో చిక్కుకొన్న మజిలీ ఇంటిలో, బందీగా ఉన్న ఒక స్త్రీ గిటారు వాయిస్తూ పాడుతుంది. ఆమెను బంధించి తీసుకొనిపోతున్న వ్యక్తి హఠాత్తుగా ఆ గిటారును లాగుకొని స్తంభానికి కొట్టి ముక్కలు చేస్తాడు. ఆ స్త్రీ పాత్రను ధరించిన నటి అదిరిపడి కేక వేస్తుంది. ఆ కేకలో నటన లేదు. ఎందుకంటే ఆ గిటారు మార్టిన్ అనే ప్రసిద్ధ సంస్థ తన ప్రదర్శనశాల నుంచి ఎరువుగా ఇచ్చిన 1870ల నాటి వాద్యం. పగులగొట్టే ఘట్టం కోసం నకళ్లను సిద్ధం చేశారు. పాట ముగియగానే చిత్రీకరణను ఆపి, అసలు వాద్యాన్ని తీసి నకలును ఉంచవలసి ఉన్నది. ఆ మాట నటునికి చేరలేదు. దాదాపు నూట నలభై ఏళ్లు నిలిచిన వాద్యం ఒక్క క్షణంలో పుల్లలైపోయింది. 2016లో ఈ సంగతి వెల్లడైన తరువాత, ఇకమీదట చలనచిత్రాలకు తన ప్రదర్శనశాల వాద్యాలను ఎరువు ఇవ్వబోనని మార్టిన్ సంస్థ ప్రకటించింది.

అసలుకు, నకలుకు గల భేదం తెర మీద చూసే ప్రేక్షకునికి కనబడదు. రూపం ఒకటే, రంగు ఒకటే. అయినప్పటికీ ఒకదానిని పగులగొడితే పని సజావుగా సాగినట్లు. మరొకదానిని పగులగొడితే తీరని నష్టం. ఆ భేదం ఎక్కడ ఉన్నది? ‘ఇది 1870ల నాటి వాద్యం’ అని ఏ ఆధారంతో చెప్పగలిగారు? దాని మీద ఆ సంవత్సరం ఎక్కడా వ్రాసి ఉండదు. ఆ కాలపు మార్టిన్ గిటార్లకు వరుససంఖ్య కూడ లేదు. ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సాహిత్య చరిత్ర చదివిన వారికి ఈ సమస్య కొత్తది కాదు. కావ్యంలో కవి తన కాలాన్ని చెప్పుకోని సందర్భాలే మనకు ఎక్కువ. అప్పుడు పండితులు రెండు విధాలైన ఆధారాలను వెదకుతారు. శాసనాలు, ఇతర కవుల ప్రస్తావనలు బాహ్యాధారాలు. భాష, ఛందోరీతి, కావ్యంలో పేర్కొన్న పూర్వకవులు, రాజులు అంతరాధారాలు. ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసగినప్పుడే నిర్ణయం నిలుస్తుంది. వాద్యానికి కూడ ఇదే వరుస. రసీదులు, పాత ఛాయాచిత్రాలు, సంస్థల జాబితాలు బాహ్యాధారాలు; కొయ్య, జిగురు, పూత, లోపలి బద్దలు అంతరాధారాలు.

ముందుగా గిటారు అంగాలను గుర్తించాలి. వీణ పరిభాష తెలిసిన వారికి ఇది సులభం. తీగలు బిగించేవి బిరడలు. వేళ్ల కింద అడ్డంగా అమర్చిన లోహపు కడ్డీలు మెట్లు. తీగల కంపనాన్ని పైపలకకు అందించేది గుర్రం. గిటారుకు పొడవైన మెడ, దాని చివర బిరడలను ధరించిన తల ఉంటాయి. పెట్టె వంటి శరీరానికి పైపలక, వెనుక పలక, వంచిన పక్క పలకలు ఉంటాయి. పైపలక నడుమ గుండ్రని నాదరంధ్రం ఉంటుంది. పలుచని పైపలక తీగల లాగుడుకు వంగిపోకుండ లోపలివైపు సన్నని కొయ్య బద్దలను అతికిస్తారు. మెడ శరీరంతో కలిసే చోట లోపల ఒక కొయ్య దిమ్మ ఉంటుంది. చిన్న దీపాన్ని, దంతవైద్యులు వాడే చిన్న అద్దాన్ని నాదరంధ్రంలోనికి పోనిచ్చి చూస్తే ఈ దిమ్మ, ఈ బద్దలు కనబడతాయి. గిటారు చరిత్రలో అధికభాగం ఆ చీకటిలోనే వ్రాసి ఉన్నది.

మార్టిన్ సంస్థ ఉదాహరణగా తీసుకోదగినది. అది 1833 నుంచి నేటి వరకు అవిచ్ఛిన్నంగా పనిచేస్తున్నది, దాని పత్రాలు చాలావరకు భద్రంగా ఉన్నాయి. స్థాపకుడు క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1796లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో మార్క్‌న్యూకిర్షెన్ పట్టణంలో జన్మించాడు. వియన్నాలో స్టౌఫర్ అనే వాద్యనిర్మాత వద్ద పనిచేశాడు. స్వస్థలంలో వయొలిన్ నిర్మాతల శ్రేణికి, వడ్రంగుల శ్రేణికి మధ్య గిటారు చేసే హక్కు గురించి వివాదం రేగింది. ఆ వాతావరణంలో అతడు 1833లో అమెరికాకు వలసపోయి న్యూయార్క్ నగరంలో దుకాణం తెరిచాడు. కొన్నేళ్లకే, 1838–39 ప్రాంతంలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని నజరేత్‌కు తరలిపోయాడు. 1873లో మరణించాడు.

ఇక్కడ ఒక సూక్ష్మాంశం గమనించాలి. సంస్థ నజరేత్‌కు తరలిన తరువాత కూడ గిటార్ల మీద వేసే ముద్రలో ‘న్యూయార్క్’ అనే పేరే చాలాకాలం కొనసాగింది. అమ్మకం వ్యవహారం ఆ నగరం ద్వారా జరగడం అందుకు కారణం. 1898 వరకు ఇదే పరిస్థితి. కనుక ‘న్యూయార్క్’ అని ముద్ర ఉన్న గిటారు న్యూయార్క్‌లో తయారైనదని అనుకొంటే పొరపాటు. వాద్యం తన గురించి తాను చెప్పుకొన్న మాటను సైతం విచారించే అంగీకరించాలి. ముద్రలోని పదాలు మాత్రం కాలాన్ని కొంత సూచిస్తాయి. 1867కు ముందు ముద్రలో మార్టిన్ పేరు, ఊరి పేరు మాత్రమే ఉంటాయి. ఆ ఏడు సంస్థ భాగస్వామ్య సంస్థగా మారినందున, అప్పటి నుంచి పేరు పక్కన ‘అండ్ కంపెనీ’ అనే మాట చేరింది. 1898లో ‘న్యూయార్క్’ తొలగి ‘నజరేత్’ వచ్చింది. ముద్ర ఒక్కదానినే ఆధారం చేసుకొంటే మనకు దొరికేవి 1833–67, 1867–98 అనే రెండు విశాలమైన కాలఖండాలు మాత్రమే. సినిమాలో పగిలిన గిటారు రెండవ ఖండానికి చెందినది.

1898లో మార్టిన్ సంస్థ వరుససంఖ్యలను ప్రారంభించింది. అప్పటికి సుమారు ఎనిమిది వేల వాద్యాలు చేసి ఉంటామని అంచనా వేసుకొని, మొదటి సంఖ్యను 8000గా నిర్ణయించారు. సంఖ్యను మెడ దిమ్మ మీద గుద్దేవారు. ఏ సంవత్సరం చివర ఏ సంఖ్య వరకు వచ్చారో సంస్థ పట్టికగా ప్రకటించింది. 1898 చివరకు 8348, 1937 చివరకు 68865, 1938 చివరకు 71866, 1946 చివరకు 98158, 1947 చివరకు 103468. దిమ్మ మీద 70000 అనే సంఖ్య కనబడితే ఆ గిటారు 1938 నాటిదని వెంటనే చెప్పవచ్చు. ఆరంకెల సంఖ్య కనబడితే అది 1947కు ముందుది కాజాలదు. 1930 చివరి నెలల నుంచి సంఖ్యతోపాటు నమూనా పేరు కూడ గుద్దడం మొదలైంది. ‘000–28’ వంటి ఆ పేరులో గీతకు ముందున్నది పరిమాణాన్ని, తరువాతది అలంకరణ తరగతిని తెలుపుతాయి. సున్నలు పెరిగినకొద్దీ గిటారు పెద్దది. వాటన్నిటికంటె పెద్దదైన ‘డి’ తరగతికి ‘డ్రెడ్‌నాట్’ అనే బ్రిటిష్ యుద్ధనౌక పేరు పెట్టారు.

పట్టిక ఉన్నది కదా, ఇక శ్రమ ఎందుకని విద్యార్థికి తోచవచ్చు. సంఖ్య చెప్పేది ఆ దిమ్మ వయస్సును మాత్రమే. దాని చుట్టూ ఉన్న మెడ, పలకలు, బద్దలు, పూత అన్నీ అదే కాలానివని సంఖ్య హామీ ఇవ్వదు. వాద్యం పనిముట్టు, అది విరుగుతుంది, మరమ్మతు చేస్తారు, భాగాలు మారుస్తారు. డబ్బు ఆశతో సంఖ్యనే మార్చే వారూ ఉంటారు. అందువల్ల సంఖ్య చెప్పిన మాటను లోపలి నిర్మాణంతో సరిచూడాలి.

మార్టిన్ గిటార్ల విషయంలో అలా సరిచూడడానికి తగిన గుర్తులు కొన్ని ఉన్నాయి. 1934కు పూర్వం మెట్లు చదునైన లోహపు పట్టీలు. ఆ ఏటి నుంచి అడ్డుకోతలో ఆంగ్లాక్షరం ‘టీ’ని పోలిన మెట్లు వచ్చాయి. మెడ వంగకుండ లోపల ఎబొనీ అనే నల్లకొయ్య బద్ద ఉండేది. 1934లో దాని స్థానంలో ఉక్కు కడ్డీ వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లోహం కొరతపడి మళ్లీ ఎబొనీనే వాడారు. తల ముందుభాగాన సంస్థ పేరుతో కనబడే అతుకుముద్ర 1932 నుంచి వచ్చింది. పైపలక బద్దలను పల్లాలుగా చెక్కి తేలిక చేసే పద్ధతి 1944 చివర ఆగిపోయింది. బరువైన తీగలను వాడే వారు పెరగడంతో బద్దలను చెక్కకుండ దృఢంగా ఉంచసాగారు. 28వ తరగతి గిటార్లకు పైపలక అంచున చేపముల్లు ఆకారంలో కొయ్య అల్లిక ఉండేది. అది 1947 ఆరంభంలో అంతరించింది. మెడను సర్దడానికి తిప్పగల కడ్డీ 1985లో వచ్చింది.

ఈ గుర్తులను వాడే తీరులో ఒక సూత్రం ఉన్నది. ఒక కావ్యంలో పూర్వకవిస్తుతి ఉంటే, ఆ స్తుతి పొందిన కవులలో చివరివాని కంటె ఆ కావ్యం పాతది కాజాలదు. అలాగే ఒక గిటారు, దానిలోని సహజభాగాలలో అన్నిటికంటె కొత్తదాని కంటె పాతది కాజాలదు. పాత లక్షణాలు ఎన్ని ఉన్నా అవి ప్రాచీనతను రుజువు చేయవు. కొత్త లక్షణం ఒక్కటి ఉన్నా అది కాలానికి హద్దు గీస్తుంది. నేటి కవి గ్రాంథిక భాషలో పద్యం వ్రాయగలడు కదా!

ఉదాహరణకు, యుద్ధపూర్వపు ‘డి–28’ అని చెప్పి ఒకరు ఒక గిటారును మన ముందు ఉంచారనుకొందాము. అంచున చేపముల్లు అల్లిక ఉన్నది. అద్దం పెట్టి చూస్తే బద్దలలో పల్లాలు ఉన్నాయి. రెండూ పాత లక్షణాలే. దీపాన్ని దిమ్మ వైపు తిప్పితే ఆరంకెల సంఖ్య కనబడింది. ఇక చిక్కుముడి విడిపోయినట్లే. పాత గిటార్ల మీద అభిమానం పెరగడం చూసి, మార్టిన్ సంస్థ తానే 1976లో ‘హెచ్‌డి–28’ అనే పేరుతో ఆ రెండు లక్షణాలను పునరుద్ధరించింది. మన ముందున్నది ఆ వరుసలోనిదై ఉంటుంది. అమ్మేవాడు మోసగాడని ఇంతమాత్రాన అనుకోనవసరం లేదు. తాతగారి గిటారు అనే మాట ఇంటిలో వింటూ పెరిగినవాడు కావచ్చు.

మరొక ఉదాహరణ ఇంకా సున్నితమైనది. దిమ్మ మీది సంఖ్య 60500. పట్టిక ప్రకారం అది 1935. కాని నాదరంధ్రం గుండా చూస్తే మెడ కింద తిప్పగల కడ్డీ కొస కనబడుతున్నది. అది 1985కు ముందు మార్టిన్ గిటార్లలో లేదు. ఇక్కడ సంఖ్య అబద్ధం చెప్పడం లేదు, కడ్డీ కూడ అబద్ధం చెప్పడం లేదు. 1935 నాటి శరీరానికి యాభై ఏళ్ల తరువాత కొత్త మెడ అమర్చారు. ఏ లక్షణం సహజం, ఏది ప్రక్షిప్తం అని తేల్చడమే పరిశీలకుని ముఖ్యమైన పని. మహాకావ్యాలలో ప్రక్షిప్త పద్యాలను తేల్చడం ఎంత కష్టమో ఇదీ అంతే కష్టం.

అన్ని సంస్థల సంఖ్యలు మార్టిన్ సంఖ్యలంత క్రమంగా ఉండవు. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణంలో 1902లో ఏర్పడిన గిబ్సన్ సంస్థ చరిత్ర అందుకు నిదర్శనం. యుద్ధానికి ముందు ఆ సంస్థ చేసిన చదును పలకల గిటార్లలో పెక్కింటికి వరుససంఖ్య లేదు. కర్మాగారంలో ఒక్కొక్క జట్టు పనికి ఇచ్చిన ఉత్తరువు సంఖ్య మాత్రమే దిమ్మ మీద కనబడుతుంది. 1960లలో పరిస్థితి మరింత చిక్కుపడింది. ఒకే సంఖ్యను వేర్వేరు సంవత్సరాలలో మళ్లీ మళ్లీ వాడారు. మన వ్రాతప్రతుల గద్యలలో ఇటువంటి చిక్కు తరచుగా ఎదురవుతుంది. లేఖకుడు ‘ప్రభవ నామ సంవత్సరం’ అని వ్రాసి ఊరుకొంటాడు. ప్రభవ అరవై ఏళ్లకు ఒకసారి తిరిగివస్తుంది. 1867, 1927, 1987 మూడూ ప్రభవలే. కాగితం, లిపి, భాష చూసి ఏ ప్రభవయో తేల్చుకోవాలి. గిబ్సన్ సంఖ్యకు కూడ తల వెడల్పు, గుర్రం ఆకారం, బిరడల తీరు చూసి ఏ సంవత్సరమో తేల్చుకోవాలి.

1977 నుంచి ఆ సంస్థ ఎనిమిదంకెల సంఖ్యను ప్రవేశపెట్టింది. అందులో మొదటి అంకె, అయిదవ అంకె కలిసి సంవత్సరాన్ని, నడుమ ఉన్న మూడంకెలు ఆ సంవత్సరంలో ఎన్నవ రోజో, చివరి మూడు ఆనాటి వరుసను తెలుపుతాయి. 72379045 అనే సంఖ్యను చూడండి. సంవత్సరం 79, రోజు 237, అనగా ఆగస్టు 25. వరుస 045. అప్పట్లో 500కు తక్కువైన వరుసలు కలమజూ కర్మాగారానివి, ఆపైవి నాష్‌విల్ కర్మాగారానివి. సంఖ్యలోనే తేదీ, ఊరు రెండూ ఇమిడి ఉన్నాయి. ఇంత చక్కని ఏర్పాటు ముందునుంచే ఉండి ఉంటే పరిశీలకులకు పని తప్పేది, ఆనందమూ తప్పేదేమో.

గిబ్సన్ గిటార్లలో యుద్ధకాలపువి ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. 1942 నుంచి 1945 వరకు చేసిన వాటి తల మీద పతాకం వంటి చిన్న పట్టీలో ‘గిబ్సన్ మాత్రమే తగినది’ అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. పురుషులు సైన్యానికి పోవడంతో ఆ కర్మాగారంలో పనిచేసినవారు ఎక్కువగా స్త్రీలు. లోహపు కొరత వలన కొన్నింటి మెడలలో ఉక్కు కడ్డీ లేదు. దొరికిన కొయ్యను దొరికినట్లు వాడినందున ఒకే నమూనాకు చెందిన రెండు గిటార్లు కూడ ఒకేలా ఉండవు. వాటి నాదం మాత్రం నేటికీ ప్రశంస పొందుతున్నది. పతాకం ఉన్నదా లేదా అనే ఒక్క పరిశీలనతో నాలుగేళ్ల కాలఖండం చేతికి చిక్కడం వాద్యపరిశీలనలో అరుదైన సౌకర్యం.

ఇక కొయ్య సంగతి. మంచి గిటార్ల వెనుక పలకలకు, పక్క పలకలకు బ్రెజిల్ దేశపు రోజ్‌వుడ్ చిరకాలం వాడుకలో ఉన్నది. బ్రెజిల్ ఆ దుంగల ఎగుమతిని అరికట్టడంతో మార్టిన్ సంస్థ 1969లో భారతదేశపు రోజ్‌వుడ్‌కు మారింది. ఈ వృక్షం మనకు పరాయిది కాదు. తెలుగులో ఇరుగుడు, జిట్రేగి అని పిలిచేది ఇదే. దక్షిణ భారతదేశపు అడవులలో పెరిగిన చెట్టు పెన్సిల్వేనియాలో గిటారై పలుకుతున్నదన్న మాట. కనుక 1969 అనేది కాలనిర్ణయంలో ఒక మైలురాయి. అయితే ఈ రెండు కొయ్యలను రంగు చూసి వేరుపరచగలమని అనుకోవడం సాహసం. ఎర్రని చారలు, నల్లని చారలు రెండింటిలోనూ ఉంటాయి. అనుభవజ్ఞులు కూడ పొరబడతారు.

ఈ గుర్తింపు చట్టానికి కూడ సంబంధించినది. అంతరించిపోతున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను 1992లో అత్యంత కఠినమైన జాబితాలో చేర్చారు. ఆ కొయ్యతో చేసిన గిటారును దేశం దాటించాలంటే, అది నిషేధానికి ముందే తయారైనదని చూపే పత్రాలు కావాలి. 1918కి ముందు మార్టిన్ ఉన్నత తరగతుల అంచుపట్టీలకు దంతం వాడారు. దానికీ ఇటువంటి నిబంధనలే. కాలనిర్ణయం తప్పితే సరిహద్దు వద్ద వాద్యమే జప్తు కావచ్చు.

కంటిచూపుకు తోడుగా నేడు కొన్ని పరీక్షలు అందుబాటులో ఉన్నాయి. పైపలకకు వాడే స్ప్రూస్ కొయ్యలో ఏటేటా ఏర్పడిన వలయాలు సన్నని గీతలుగా కనబడతాయి. వానలు పడిన ఏడు వలయం వెడల్పు, కరువు ఏడు సన్నన. ఈ వరుసను కాలం తెలిసిన కొయ్యల వరుసతో పోల్చితే చివరి వలయం ఏ ఏటిదో తెలుస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ ప్రదర్శనశాలలో ఉన్న ‘మెస్సయ్య’ అనే వయొలిన్ 1716లో స్ట్రాడివరి చేసినది కాదని కొందరు వాదించినప్పుడు ఈ పరీక్షనే ఆశ్రయించారు. దాని కొయ్యలోని చివరి వలయాలు 1680ల నాటివని తేలింది. ఈ పరీక్ష చెప్పగలిగినది ఒక హద్దు మాత్రమే: ఆ చెట్టు ఆ సంవత్సరానికి ముందు నరకబడలేదు. నరికిన కొయ్యను ఎన్నేళ్లు ఆరబెట్టారో, ఎవరు చెక్కారో వలయం చెప్పదు. అతినీలలోహిత కాంతి మరొక సాధనం. ఆ వెలుగులో పాత లక్క పూత నారింజ ఛాయతో మెరుస్తుంది. తరువాత ఎవరైనా పూసిన చోటు వేరే ఛాయతో బయటపడుతుంది.

ఇంత శ్రమ ఎందుకని అడిగితే, మొదటి సమాధానం ధనం. 2020 జూన్‌లో జరిగిన వేలంలో కర్ట్ కొబేన్ అనే గాయకుడు 1993 నాటి ప్రసిద్ధ కచేరీలో వాయించిన గిటారు అరవై లక్షల డాలర్లకు పైగా పలికింది. అది 1959లో చేసిన మార్టిన్ ‘డి–18ఇ’. అదే సంవత్సరపు అదే నమూనా మరొకటి దానిలో స్వల్పభాగం కూడ పలకదు. అంటే అక్కడ విలువ వయస్సుకు కాక, వాయించిన చేతికి దక్కింది. అటువంటి సందర్భాలలో పాత ఛాయాచిత్రాలలోని కొయ్య నారను, గీతలను ఎదుట ఉన్న వాద్యంతో పోల్చి చూస్తారు. ఏ రెండు పలకల నార ఒకటిగా ఉండదు.

నా దృష్టిలో రెండవ సమాధానం మొదటిదాని కంటె గట్టిది. కాలం తెలియకపోతే వాద్యం ప్రాణమే పోవచ్చు. 19వ శతాబ్దపు గిటార్లు జంతువుల పేగులతో చేసిన తీగలకు అనువుగా నిర్మితమైనవి. మార్టిన్ సంస్థ ఉక్కు తీగలకు తగినట్లు గిటార్లను క్రమంగా నిర్మించడం 1922 ప్రాంతంలో మొదలైంది. ఆరు ఉక్కు తీగల లాగుడు మొత్తం డెబ్బై కిలోల బరువుకు మించుతుంది. 1890ల నాటి గిటారును 1930ల నాటిదని పొరబడి ఉక్కు తీగలు బిగిస్తే, కొద్దికాలంలోనే పైపలక ఉబ్బి, గుర్రం ఊడి, మెడ ముందుకు వంగుతుంది. నూరేళ్లు నిలిచినది ఒక సాయంకాలపు ఉత్సాహానికి బలి అవుతుంది.

చెరుపు చేసేది అజ్ఞానం ఒక్కటే కాదు, అభిమానం కూడ చేస్తుంది. పాత గిటారు పూత మాసిపోయిందని, పగుళ్లు బారిందని, గీకించి కొత్త పూత వేయిస్తారు. గిటారు అద్దంలా మెరుస్తుంది; దాని విలువ సగానికి పడిపోతుందని వ్యాపారుల లెక్క. వ్యాపారుల మాట అటుంచి, ఆ గీకుడుతోపాటు ఏమి పోయిందో ఆలోచించాలి. పూత స్వభావం, దాని కింద కొయ్య పొందిన రంగు, వాయించినవారి మోచేతి ఒరిపిడి, పాత మరమ్మతుల జాడ అన్నీ పోయాయి. నేను పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజులలో ఒక కుటుంబం వారు భద్రపరచిన కాగితపు వ్రాతప్రతిని చూడబోయాను. అక్షరాలు మాసిపోతున్నాయని ఆ ఇంటి పెద్ద ఒకరు కొత్త సిరాతో వాటి మీదనే శ్రద్ధగా దిద్దారు. అర్థం కాని చోట తమకు తోచిన అక్షరం పెట్టారు. ప్రతి చూడముచ్చటగా ఉన్నది. మూడు పద్యాలలో కవి వ్రాసినదేమిటో ఆనాటి నుంచి ఈనాటి వరకు నేను తేల్చలేకపోయాను. ఆయన చేసినది ప్రేమతోనే. ఆ ప్రేమను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

అందుచేత నిపుణులైన మరమ్మతుదారులు అవసరమైనంతవరకే చేయి పెడతారు. ఊడిన బద్దను తిరిగి అతికిస్తారు. వేడికి, తేమకు విడివడే చర్మపు జిగురునే వాడతారు. తరువాతి తరం వారు ఆ అతుకును విప్పుకొనే వీలుండాలని వారి ఉద్దేశం. మార్చక తప్పని బిరడలను, గుర్రాన్ని పారవేయకుండ సంచిలో కట్టి గిటారుతోపాటే ఉంచమంటారు. పాత బిరడ పనికిరానిదే కావచ్చు. అది రేపటి పరిశీలకునికి సాక్షి.

చివరగా, నిర్ణయాన్ని వ్రాసే తీరు. తెలిసినదానిని తెలిసినంతమేరకే వ్రాయడం ఇక్కడ పరీక్షకు నిలుస్తుంది. సంఖ్య లేని ఒక పాత మార్టిన్ గిటారును గురించి తగిన వర్ణన ఇలా ఉంటుంది: ‘వెనుక పలకపై, లోపల దిమ్మపై “అండ్ కంపెనీ, న్యూయార్క్” ముద్ర, కనుక 1867–1898 మధ్యది. తయారైన స్థలం నజరేత్. బద్దలు సహజం, పేగు తీగలకు తగినవి. మెట్లు కొన్ని మార్చినవి. గుర్రం తరువాతిది, పాత గుర్రం జాడ పైపలకపై కనబడుతున్నది. పూత అధికభాగం మొదటిదే. కుడి అంచున తరువాత పూసినది. ఉక్కు తీగలు బిగించరాదు.’

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కావ్యకాల నిర్ణయానికి, గిటారు కాలనిర్ణయానికి గల పోలికలను పాఠ్యాంశం ఆధారంగా వివరించండి.
2. వరుససంఖ్య ఒక్కదానితో గిటారు వయోనిర్ణయం ఎందుకు పూర్తి కాదో సోదాహరణంగా చర్చించండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. ‘ప్రభవ నామ సంవత్సరం’ ప్రస్తావనను రచయిత ఏ సందర్భంలో తెచ్చాడు?
2. వలయపరీక్ష ఏమి చెప్పగలదు? ఏమి చెప్పలేదు?
3. 1983లో 32వ రోజున కలమజూలో తయారైన గిబ్సన్ గిటారు సంఖ్యలో మొదటి అయిదంకెలు ఏవి? ఆ రోజు ఏ తేదీ?

భాషాంశాలు
కింది పదాలను విడదీసి సంధి పేరు వ్రాయండి: వయోనిర్ణయం, సూక్ష్మాంశం, అంతరాధారం, అత్యంత.